ఇరవై అంకెల పద్యం

రాయపూర్ నగరానికి ఉత్తరాన, బీర్‌గావ్‌ను ఆనుకొని, ఉర్లా అనే పారిశ్రామికవాడ ఉన్నది. ఉక్కు రోలింగు మిల్లులు, స్పాంజి ఇనుము కర్మాగారాలు నిండిన ఆ వాడలోకి లారీలు వస్తూ పోతూ ఉంటాయి. సరుకు ఏదైనా సరే, దాని బరువు తేలవలసింది కాటా మీదనే. ఖాళీ లారీ ఒకసారి ఎక్కుతుంది. నిండు లారీ ఇంకొకసారి ఎక్కుతుంది. రెండింటి తేడా చీటీ మీద పడుతుంది. ఆ చీటీలో ఒక్క అంకె తప్పుపడితే ఎవరో ఒకరు నష్టపోక తప్పదు: అమ్మినవాడో, కొన్నవాడో, నడుమ బండి తోలినవాడో. హిందీ మాట్లాడే ఆ ప్రాంతాలలో లారీలు తూచే కాటాను 'ధర్మకాంటా' అంటారు. అంకె తప్పితే ధర్మం తప్పినట్లేనన్న భావం ఆ పేరులోనే ఉన్నది.

అటువంటి ధర్మకాంటా మీద ఒక పాత కథను తూచి చూడవచ్చు.

కథ అందరూ ఎరిగినదే. చదరంగాన్ని కనిపెట్టిన పండితుణ్ణి చూసి రాజు సంతోషించి ఏదైనా కోరుకొమ్మన్నాడు. పండితుడు పెద్ద కోరిక కోరలేదు. బల్ల మీద మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఈ విధంగా గడిగడికీ రెట్టింపు చేస్తూ అరవైనాలుగు గడులకూ ఎన్ని గింజలవుతాయో అన్ని ఇప్పించమన్నాడు. రాజు నవ్వి, ఇంతేనా అన్నాడు. గాదెల దగ్గర లెక్క చూసే అధికారులు మాత్రం నవ్వలేదు. పదమూడో శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ అనే చరిత్రకారుడు ఈ కథను తన గ్రంథంలో చేర్చి, ఆ పండితుని పేరు సిస్సా అని చెప్పాడు. కొన్ని కథనాలలో ఆ గింజ గోధుమ, కొన్నింటిలో బియ్యం. ఉర్లా ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లో. ముప్పై ఆరు కోటలు అనే అర్థంతో తన పేరులోనే ఒక సంఖ్యను మోస్తున్న ఆ రాష్ట్రానికి 'ధాన్ కా కటోరా', అంటే వడ్ల గిన్నె, అని ప్రసిద్ధి. కాబట్టి ఇక్కడ బియ్యపు గింజనే తీసుకోవడం న్యాయం. ఒక్కొక్క గింజ గ్రాములో నలభయ్యో వంతు తూగుతుందనుకుందాం.

బల్ల మీద వరుసకు ఎనిమిది గడులు. మొదటి వరుస నిండేసరికి 255 గింజలు. ఆరు గ్రాముల చిల్లర, చిటికెడు బియ్యం. రెండు వరుసలు నిండితే 65,535 గింజలు. కిలోన్నర దాటుతుంది, ఒక కుటుంబానికి ఒకటి రెండు పూటల వంట. మూడు వరుసలకు 419 కిలోలు. యాభై కిలోల బస్తాలు ఎనిమిది నిండి ఇంకా కొంత మిగులుతుంది. నాలుగో వరుసతో సగం బల్ల పూర్తి. అప్పటికి గింజల సంఖ్య 4,29,49,67,295. బరువు 107 టన్నులు. ఇరవై టన్నులు మోసే లారీలైతే ఆరు చాలు. ఉర్లాలో ఒక్క కాటా నిమిషానికొక లారీని తూచగలదనుకుంటే ఆరు నిమిషాల పని. ఈ దశలో రాజు నవ్వుకు కారణం ఉన్నది. ఆరు లారీల బియ్యం ఏ రాజుకూ భారం కాదు.

ఇక రెండో సగం. ప్రతి వరుస దాటినప్పుడూ మొత్తం సుమారు 256 రెట్లవుతుంది. అయిదు వరుసలు నిండేసరికి 27 వేల టన్నులు, ఆరు వరుసలు నిండేసరికి 70 లక్షల టన్నులు. 2023-24 వానాకాలపు పంటలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రైతుల వద్ద కొన్న వడ్లు సుమారు 145 లక్షల టన్నులు. మర ఆడితే మూడింట రెండు వంతులు బియ్యం వస్తాయనుకుంటే 97 లక్షల టన్నులు. ఏడో వరుస మొదటి గడిలోనే, అంటే నలభై తొమ్మిదో గడిలోనే, ఆ వడ్ల గిన్నె ఖాళీ అయిపోతుంది. భారతదేశం మొత్తంలో అదే ఏడాది పండిన బియ్యం దాదాపు 13.8 కోట్ల టన్నులు. అది యాభై మూడో గడి దాటదు. ప్రపంచమంతటా ఏడాదికి పండే బియ్యం ఇటీవలి కాలంలో 50 కోట్ల టన్నులకు కొంచెం పైన. అది యాభై అయిదో గడిలో ముగిసిపోతుంది. ఇంకా తొమ్మిది గడులు మిగిలే ఉన్నవి.

అరవైనాలుగు గడులూ నిండాలంటే 46,116 కోట్ల టన్నుల బియ్యం కావాలి. ప్రపంచం నేటి లెక్కన పండిస్తూ ఒక్క మెతుకూ తినకుండా దాచిపెట్టినా దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు పడుతుంది. ఇరవై టన్నుల లారీలు 2,305 కోట్లు కావాలి. ఉర్లా కాటా మీదికి నిమిషానికొకటి చొప్పున, రాత్రీ పగలూ ఆగకుండా ఎక్కిస్తే, ఆఖరి లారీ దిగేసరికి 43,800 ఏళ్ళు దాటుతాయి. మొదటి సగానికి ఆరు నిమిషాలు పట్టిన పని ఇది.

ఆ గింజల సంఖ్య ఇది: 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. మన కోట్లలో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆ పైన చిల్లర. రెండును అరవైనాలుగు సార్లు వేసి గుణించి, వచ్చినదానిలోంచి ఒకటి తీసివేస్తే వచ్చేది ఇదే.

ఇంత సంఖ్య ఎవరికి గుర్తుంటుంది? తెలుగువారికి గుర్తుండే ఏర్పాటు దాదాపు తొమ్మిది వందల ఏళ్ళకు పూర్వమే జరిగింది. ఆ ఏర్పాటు ఒక పద్యం.

పావులూరి మల్లన కమ్మనాటిలోని పావులూరుకు అధిపతి. కాలం పదకొండు, పన్నెండు శతాబ్దుల ప్రాంతం. తెలుగులో కావ్యరచన అప్పుడే కళ్ళు తెరుస్తున్నది. ఆ రోజులలో ఆయన సంస్కృతం నుంచి ఒక గణితగ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మూలం 'గణితసారసంగ్రహం'. దానిని తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు రచించాడు. మల్లన గ్రంథం 'సారసంగ్రహ గణితము'. తెలుగులో మనకు దొరికిన తొలి శాస్త్రగ్రంథంగా సాహిత్య చరిత్రకారులు దానినే పేర్కొంటారు. మహావీరుడు జైనుడు, మల్లన శైవుడు. మూలంలో జైనమతానికి సంబంధించిన ఉదాహరణలు ఉన్నచోట మల్లన శైవానికి తగిన ఉదాహరణలు పెట్టుకున్నాడు. దేవుణ్ణి మార్చుకునే స్వేచ్ఛ ఆ అనువాదకునికి ఉన్నది. జవాబును మార్చుకునే స్వేచ్ఛ మాత్రం లేదు. పూవులు ఏ గుడికి వెళ్ళినా లెక్క ఒకటే కావాలి.

మూలకర్త మహావీరునికి కూడా సంఖ్యల అందం మీద మక్కువ ఎక్కువ. కొన్ని గుణకారాల ఫలితాలను ఆయన రాజు మెడలోని హారాలతో పోల్చాడు. 1,23,45,679ని 9తో గుణిస్తే తొమ్మిది ఒకట్లు వరుసగా వస్తాయి. 2,79,94,681ని 441తో గుణిస్తే 12,34,56,54,321 వస్తుంది. ఎటునుంచి చదివినా ఒకటే. హారాన్ని తిప్పి వేసుకున్నా హారమే కదా.

మల్లనదిగా ప్రసిద్ధమైన చదరంగపు పద్యంలో ఉన్నది అటువంటి హారం కాదు. దాని అంకెలలో పైకి కనబడే క్రమమేదీ లేదు. ఒక అంకె తెలిస్తే తరువాతి అంకెను ఊహించడానికి వీలులేదు. అటువంటి సంఖ్యను తాటాకు మీద అంకెలుగా రాసి పెడితే ఏమవుతుంది? ఒక పురుగు ఒక అంకెను తింటుంది. ఒక లేఖకుడు రెండు అంకెలను తారుమారు చేస్తాడు. ఆ ప్రతిని చూసి రాసుకున్నవాడికి తప్పు జరిగినట్టే తెలియదు. ఒక మాట తప్పుపడితే అర్థం పట్టి ఇస్తుంది. అంకెకు అర్థం లేదు. అది ఏది రాస్తే అదే.

ఈ చిక్కుకు మన పూర్వులు కనిపెట్టిన ఉపాయం, అంకెకు బదులు మాట వాడడం. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడంటే ఒకటి. చేతులు రెండు. అగ్నులు మూడు. వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు, బ్రహ్మ ముఖాలు నాలుగు. మన్మథుని బాణాలు అయిదు. తర్కాలు ఆరు. కులపర్వతాలు ఏడు. దిగ్గజాలు ఎనిమిది. శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. ఆకాశం శూన్యం కాబట్టి సున్న. ఒక్కొక్క అంకెకు పదిపన్నెండు పర్యాయపదాలు దొరుకుతాయి గనుక కవి ఏ ఛందస్సుకు కావలసిన మాటను ఆ ఛందస్సుకు ఎన్నుకోవచ్చు. చదివేటప్పుడు ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి అంకెలను ఎడమవైపుకు పేర్చుకుంటూ పోవాలి. ఆ పద్ధతిలో మల్లన బాణాలతో మొదలుపెట్టి, కొండలూ సముద్రాలూ దాటి, ఏనుగు మీదుగా చంద్రునితో ముగించాడు. ఇరవై మాటలు, ఇరవై అంకెలు. పద్యం చంపకమాల.

చంపకమాలను ఎన్నుకోవడం వల్ల ఒక మేలు జరిగింది. ఆ వృత్తంలో పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు. ఏ అక్షరం గురువో ఏది లఘువో ముందే నిర్ణయమై ఉంటుంది. పాదం మొదటి అక్షరానికీ పదకొండో అక్షరానికీ యతిమైత్రి కుదరాలి. నాలుగు పాదాలలోనూ రెండో అక్షరం ఒకటే కావాలి, అది ప్రాస. ఇప్పుడు ఒక లేఖకుడు పొరపడ్డాడని ఊహించండి. 'నగ' అంటే కొండ, ఏడు. 'నాగ' అంటే ఎనిమిది. దీర్ఘం ఒక్కటి పొరపాటున పడితే ఏడు ఎనిమిదవుతుంది. కాని లఘువు ఉండవలసిన చోట గురువు వచ్చి గణం తప్పుతుంది. పద్యం నోటికి అలవాటైనవాడు చదువుతూ చదువుతూ అక్కడే ఆగిపోతాడు. పద్యం మొదటి మాట 'శర', అంటే బాణం, అయిదు. దాని స్థానంలో 'కర', అంటే చేయి, రెండు, అని పడితే గణం చెడదు. కాని శకారానికీ పదకొండో అక్షరమైన సాకారానికీ ఉన్న మైత్రి తెగిపోతుంది. యతి తప్పినదని చెవి చెబుతుంది. ఛందస్సు ఇక్కడ అలంకారం కాదు, కావలి.

అయితే ఈ కావలివాడు అన్ని తలుపులూ చూడలేడు. అదే పాదంలో అదే 'శర' శబ్దం తొమ్మిది, పది అక్షరాలుగా మళ్ళీ వస్తుంది. అక్కడ 'కర' అని పొరపాటు పడితే గణం చెడదు, యతి చెడదు, ప్రాస చెడదు. పద్యం హాయిగా సాగిపోతుంది. సంఖ్య మాత్రం ముప్పై వేలు తగ్గిపోతుంది. పండితుడు పట్టుకోలేని ఈ దొంగను ఎవరు పట్టుకోవాలి?

సంఖ్య తానే పట్టుకుంటుంది. ప్రతి సంఖ్యకూ కొన్ని గుణాలుంటాయి. అవి మనిషి పెట్టినవి కావు, మనిషి తీసివేయగలిగినవీ కావు. చదరంగపు సంఖ్యను 17తో భాగిస్తే శేషం లేకుండా పోతుంది; భాగఫలం 10,85,10,25,92,57,11,50,095. కాగితం, కలం ఉన్నవారు పది నిమిషాలలో సరిచూసుకోవచ్చు. దొంగ 'కర'తో వచ్చిన సంఖ్యను 17తో భాగిస్తే 5 మిగులుతుంది. దొంగ దొరికినట్టే. ఇది ఈ ఒక్క తప్పుకే పనికివచ్చే ఉపాయం కాదు. ఇరవై అంకెలలో ఏ ఒక్క అంకె మారినా, మరే ఇతర అంకెగా మారినా, 17 ఆ తప్పును పట్టుకుంటుంది. ఎందుకంటే అంకె మారినప్పుడు సంఖ్యలో వచ్చే తేడా ఒకటి నుంచి తొమ్మిది లోపు ఒక అంకె, దాని పక్కన కొన్ని సున్నలు. అటువంటి సంఖ్య దేనినీ 17 నిశ్శేషంగా భాగించలేదు. పక్కపక్కన ఉన్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైతే తేడా అటువంటి సంఖ్యకు తొమ్మిది రెట్లు. అదీ 17కు లొంగదు. పాతకాలపు లెక్కలలో వాడే తొమ్మిది శేషం పద్ధతి మొదటి తరహా తప్పులను చాలావరకు పట్టుకుంటుంది గాని సున్న తొమ్మిదిగా మారితే ఊరుకుంటుంది. తారుమారును అసలే గుర్తించదు. పదిహేడు వీటిలో దేనినీ విడిచిపెట్టదు.

పదిహేడు ఎక్కడినుంచి వచ్చింది? చదరంగపు బల్లే దానికి సమాధానం చెబుతుంది. మొత్తం గింజలను రెండు సంఖ్యల లబ్ధంగా రాయవచ్చు: 4,29,49,67,295 ఒకటి, 4,29,49,67,297 రెండోది. మొదటిది సగం బల్ల మీది గింజలు. దానిని మళ్ళీ విడదీస్తే 65,535, 65,537. ఇందులో మొదటిది రెండు వరుసల గింజలు. 65,535ను విడదీస్తే 255, 257. ఈ 255 మొదటి వరుస గింజలు. 255 పదిహేను పదిహేడులు. పదిహేను మూడు అయిదులు. పెద్ద సంఖ్యలో చిన్న సంఖ్య, దానిలో ఇంకా చిన్నది, భరిణెలో భరిణెలాగా అమరిపోయి ఉన్నవి. భరిణె తెరిచిన ప్రతిసారీ బయటపడే రెండో సంఖ్యలు 5, 17, 257, 65,537, 4,29,49,67,297. అన్నిటికన్నా లోపల 3.

ఈ వరుస మీద ఐరోపాలో గొప్ప గణితజ్ఞులు తలలు బద్దలు కొట్టుకున్నారు. 1640 ప్రాంతంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని నమ్మాడు. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగింపబడనిది ప్రధాన సంఖ్య. మొదటి అయిదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోది 4,29,49,67,297. దానిని పరీక్షించే ఓపిక దాదాపు తొంభై ఏళ్ళపాటు ఎవరికీ కలగలేదు. 1732లో ఆయిలర్ అది 641 చేత భాగింపబడుతుందని చూపించాడు, భాగఫలం 67,00,417. ఫెర్మా అంతటివాడి నమ్మకం ఒక్క భాగహారంతో కూలిపోయింది. ఆ తరువాత 1796లో గౌస్ అనే పద్దెనిమిదేళ్ళ యువకుడు, స్కేలు, వృత్తలేఖిని మాత్రమే ఉపయోగించి పదిహేడు సమభుజాల ఆకారాన్ని గీయవచ్చునని నిరూపించాడు. అక్కడ కూడా నడిపించింది ఈ వరుసే. 65,537 తరువాత ఈ వరుసలో మరొక ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు.

కాబట్టి మల్లన పద్యంలోని సంఖ్యకు మూలధాతువులు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏడూ ప్రధాన సంఖ్యలే, ఒక్కొక్కటీ ఒక్కసారే. వీటిని ఎన్ని విధాల కలిపినా ఆ సంఖ్యకు భాజకాలు వస్తాయి. అవి మొత్తం 128, సరిగ్గా బల్ల మీది గడులకు రెట్టింపు.

ఇక మల్లన కాలంలో ఈ లెక్క ఎట్లా చేసి ఉంటారన్న ప్రశ్న. అరవైనాలుగు గడులకూ విడివిడిగా రెట్టింపు చేసి కూడనక్కరలేదు. రెండును రెండుతో గుణిస్తే నాలుగు. నాలుగును నాలుగుతో గుణిస్తే పదహారు. తరువాత 256, 65,536, 4,29,49,67,296. ఇంకొక్కసారి తనతో తాను గుణిస్తే ఆరో గుణకారంతో పని పూర్తవుతుంది. ఒకటి తీసివేస్తే జవాబు. ఇట్లా సగాలు చేస్తూ దిగి, వర్గాలు చేస్తూ ఎక్కే పద్ధతిని మన దేశంలో మొట్టమొదట చెప్పింది గణితగ్రంథం కాదు, పింగళుని ఛందశ్శాస్త్రం. పద్యపాదంలో ప్రతి అక్షరం గురువైనా కావాలి, లఘువైనా కావాలి. కాబట్టి ఒక్కొక్క అక్షరం పెరిగినప్పుడు పాదాల రకాలు రెట్టింపవుతాయి. ఛందస్సు కూడా ఒక చదరంగపు బల్లే. ఇరవై ఒక్క అక్షరాల పాదానికి 20,97,152 రకాలు సాధ్యం. బల్ల మీద ఇరవై రెండో గడిలోని గింజలు సరిగ్గా అన్నే. ఆ రకాలన్నిటినీ లాక్షణికులు ఒక క్రమంలో పేర్చి సంఖ్యలు ఇచ్చారు. చంపకమాల అందులో 7,11,600వ వృత్తం. గురువుకు సున్న, లఘువుకు ఒకటి వేసి, అక్షరానికి అక్షరం విలువను రెట్టింపు చేసుకుంటూ కూడి, చివర ఒకటి చేరిస్తే ఎవరికైనా ఆ సంఖ్యే వస్తుంది. రెట్టింపుల సంఖ్యను చెప్పడానికి కవి వాడిన పద్యమే రెట్టింపులతో లెక్కింపబడిన పద్యం.

ఇదే సంఖ్య లోకంలో మరికొన్ని చోట్ల కూడా ప్రత్యక్షమైంది. క్రీస్తుశకం 1000 ప్రాంతంలో అల్ బీరూనీ ప్రాచీన జాతుల కాలగణన మీద రచించిన గ్రంథంలో చదరంగపు లెక్కను సరిగా చేసి చూపించాడు. 1883లో ఫ్రాన్సులో లూకా అనే గణితజ్ఞుడు ఒక ఆటబొమ్మను ప్రచారంలోకి తెచ్చాడు. మూడు కడ్డీలు, వాటిలో ఒకదానికి గుచ్చిన బిళ్ళలు. చిన్న బిళ్ళ మీద పెద్దది పెట్టకుండా అన్నిటినీ వేరొక కడ్డీకి మార్చాలి. దానికి కాశీ దేవాలయంలో అరవైనాలుగు బంగారు బిళ్ళలు మారుస్తున్న పూజారుల కథ ఒకటి జోడించారు. అరవైనాలుగు బిళ్ళలకు పట్టే ఎత్తులు సరిగ్గా మల్లన సంఖ్యే. సెకనుకొక ఎత్తు వేసినా 58,000 కోట్ల ఏళ్ళకు పైగా పడుతుంది. శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం విశ్వం వయస్సు 1,380 కోట్ల ఏళ్ళు.

నేటి కంప్యూటర్లలోనూ, చేతిలో పట్టుకు తిరిగే ఫోనులలోనూ ఈ సంఖ్య కాపురం చేస్తున్నది. యంత్రం లోపల సంఖ్యను సున్నలతోనూ ఒకట్లతోనూ రాస్తారు. ఒక సంఖ్యకు అరవైనాలుగు స్థానాలు కేటాయించడం ఇప్పుడు మామూలు. అరవైనాలుగు స్థానాలలోనూ ఒకటి ఉంటే, అంటే అరవైనాలుగు గడులూ నిండితే, అది మల్లన సంఖ్య. ఋణ సంఖ్యల జోలికి పోకపోతే ఆ స్థానాలలో పట్టే అన్నిటికన్నా పెద్ద సంఖ్య అదే. దానికి ఇంకొక్క గింజ చేరిస్తే అన్ని గడులూ సున్నలైపోతాయి. ఇంటర్నెట్టును రూపొందించినవారు యంత్రాల చిరునామాలకు ముప్పై రెండు స్థానాలు చాలనుకున్నారు. అంటే సగం బల్ల, సుమారు 429 కోట్ల చిరునామాలు. నవ్విన రాజులాగే వారికీ అది అవసరానికి మించినదిగానే కనబడింది. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ నిల్వలోని ఆఖరి చిరునామాల మూటలు పంచివేయడంతో ఆ గాదె ఖాళీ అయింది.

అయినా పెద్ద సంఖ్య గొప్పతనం దాని పెద్దరికంలో లేదు. తప్పును తానే బయటపెట్టే గుణంలో ఉన్నది. ఈ గుణం ఇప్పుడు కోట్ల మంది నిత్యజీవితంలోకి వచ్చింది. భారతదేశంలో ఆధార్ సంఖ్యకు పన్నెండు అంకెలు. వాటిలో మొదటి పదకొండే అసలు సంఖ్య, పన్నెండోది కావలివాడు. డచ్చి గణితజ్ఞుడు వెర్‌హోఫ్ 1969లో ప్రకటించిన పద్ధతి ప్రకారం ఆ పన్నెండో అంకెను మొదటి పదకొండింటి నుంచి లెక్కగడతారు. ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా ఆ అంకె కలవదు, యంత్రం ఒప్పుకోదు. మల్లన సంఖ్యకు పదిహేడు స్వభావసిద్ధంగా చేసే పనిని ఇక్కడ మనిషి ఏర్పాటు చేసుకున్నాడు. రేషను దుకాణం ముందు బియ్యం కోసం సంచితో నిలబడిన వ్యక్తికి ఇది వినోదగణితం కాదు. ఒక అంకె తప్పు పడి ఆమె వాటా మరొకరి ఖాతాలో చేరితే ఆ ఇంట పొయ్యి వెలగదు. అంకెకు అర్థం లేదన్న మాట ఆమె విషయంలో నిజం కాదు.

ఆమె సంచిలో పడే ఒక్క కిలో బియ్యంలో, పైన అనుకున్న లెక్కన, నలభై వేల గింజలు ఉంటాయి. చదరంగపు బల్ల మీద అవి పదహారో గడి దాటవు. పదహారో గడి వరకు సంఖ్య మనిషి చేతిలోనే ఉన్నది, పంచుకోవచ్చు, వండుకోవచ్చు. ఆ పైన అది లారీలకు, దేశాలకు, చివరికి కాలానికే మించిపోతుంది. కాని పదహారో గడిలోనూ అరవైనాలుగో గడిలోనూ నియమం ఒకటే: అంకె తప్పకూడదు. పావులూరి మల్లన ఇరవై మాటలను ఏరి ఒక వృత్తంలో కూర్చి, తొమ్మిది వందల ఏళ్ళపాటు ఒక్క గింజ కూడా తరగకుండా ఆ సంఖ్యను మనకు చేరవేశాడు. రాజు బాకీ తీరలేదు. అనువాదకుడు మాత్రం తన బాకీ తీర్చుకున్నాడు.

సందేహం ఉన్నవారు 17తో భాగించి చూడవచ్చు. శేషం సున్న.